నాకు అర్థమైంది

అరండల్‌పేటలో, జిరాక్స్ షాపు మెట్ల కింద
మందుల కంపెనీ కాగితాలు తెలుగులోకి దించుతాను.
పేజీకి నూట ఇరవై.
"స్వచ్ఛందంగా" అని కొట్టడం తేలిక, వేళ్ళే కొట్టేస్తాయి.
ఒకసారి "ఉత్తుత్తి మాత్ర" అని కొడితే
మర్యాదగా లేదని వాళ్ళు కొట్టేశారు.

ఇవాళ పెద్దాసుపత్రి వరండాలో
నా కాగితమే నాకెదురైంది,
నాగూర్‌బీ చేతిలో, తలకిందులుగా.
మిర్చి యార్డులో ముచ్చికలు తీసే మనిషి.
ఆమెకన్నా ముందు ఆమె దగ్గు కూర్చుంది బెంచీ మీద.

"ఎప్పుడన్నా మానుకోవచ్చంట గదమ్మా,
మానుకుంటే ఆటో డబ్బులు తిరిగియ్యాలా?"

పదకొండు పేజీలూ వెతికాను.
నష్టపరిహారం ఉంది. ఏ ఊరి కోర్టుకెళ్ళాలో ఉంది.
నైతికతా కమిటీ ఫోను నంబరు ఉంది,
చేస్తే ఫ్యాక్సు కూత.
ఆటో ఎక్కడా లేదు.
రాసిందాన్ని నేనే, నాకే తెలీదు.

"ఇదిగో, ఇక్కడ" అని నర్సమ్మ ఇంకు డబ్బా తెరిచింది.
బొటనవేలి గీతల్లో మిరప ఎరుపు ముందే ఉంది,
దాని మీద నీలం.

వేలిముద్రకి పైన ఒక వాక్యం:
"నాకు చదివి వినిపించారు. నాకు అర్థమైంది."

దాన్ని పోయిన మంగళవారమే కొట్టాను,
కరెంటు పోతుందేమోనని గబగబా,
ఆమె అర్థం చేసుకోవడానికి
ఆరు రోజుల ముందు.

నాగూర్‌బీ తుమ్మింది. ఘాటుకి నేనూ తుమ్మాను.
"ఇది నీ కాపీ, దాచుకో" అన్నారెవరో.
ఆమె దాన్ని మడిచి
వేలు తుడుచుకుంది.