నాలుగు వేళ్ళ ఎత్తు

పర్లాకిమిడి మిషను బడి హాల్లో
పియానో కింద వెల్లకిలా పడుకున్నాను.
పైన నల్లటి కప్పు, పక్కన సెల్‌ఫోను లైటు,
ఛాతీ మీద డబ్బా మూతలో మరలు.

మాది కొమ్ముపని ఇల్లు.
గేదె కొమ్ముతో కొంగల్నీ నెమళ్ళనీ చేసిన చేతులు
గిరాకీ తగ్గాక హార్మోనియం తిత్తులకు మళ్ళాయి,
అక్కణ్ణించి దీని దగ్గరికి.
"నీకొచ్చా?" అంది సిస్టర్ అసుంత.
"విప్పితే తెలుస్తుంది" అన్నాను.
అబద్ధం కాదు. ధైర్యం అంతకన్నా కాదు.

ముందు ఊచలు. మూడు.
ఒకేలా ఉంటాయి, ఒకటి కావు.
సుద్దతో ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు.
గుర్తు పెట్టకుండా విప్పినవాడు
బిగించేటప్పుడు దేవుణ్ణి తలుచుకుంటాడని
నాన్న అనేవాడు.

వెనక ఏటవాలుగా రెండు ఇత్తడి కడ్డీలు,
కాలి తన్నుకు చెక్క వెనక్కి పోకుండా ఆపే ఆనికలు.
వాటి మరలు తుప్పుతో ఒకటైపోయాయి.
కిరసనాయిలు చుక్క, పది నిమిషాలు,
గుణుపురం బండి కూత,
ఇంకో చుక్క.

పైన నాలుగు పెద్ద మరలు.
చివరిది వదిలేటప్పుడు బరువంతా మోకాళ్ళ మీదే.
వీణలా ఉంటుందని విన్నాను గానీ
బియ్యం బస్తాలా దిగింది.

గోనె మీద పరిచి చూశాను.
కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు,
ఒక తలపిన్ను,
ఒక జీడిపిక్క.
తుఫాను ఏడు ఈ హాల్లో తలదాచుకున్న మూడొందల మందిలో
ఎవరి ఒడిలోంచి జారిందో.

ఎడమ పెడలు కొత్తగానే ఉంది.
నడిమిదాన్ని ఎవరూ పలకరించినట్టు లేదు.
కుడిది పాలపన్నులా కదులుతోంది.
దాని నెత్తిన సైకిలు ట్యూబుతో కట్టిన చెక్కముక్క,
నాలుగు వేళ్ళ ఎత్తు, చెమటకు నల్లబడి.
ఎవడి నాటుపనో అనుకున్నాను.
కోసి పారేశాను.

తర్వాతదంతా నాకిష్టమైన పని.
ఇరుసుల చుట్టూ ఎండిన తోలు గీకి
కొత్త మేకతోలు.
కిర్రుమనే చోట పెన్సిలు ముల్లు అరగదీసిన పొడి.
నూనె వద్దు, నూనె దుమ్మును పిలుస్తుంది.
నెరవిచ్చిన అతుకులో వజ్రం, గుడ్డతో కట్టి ఒక రాత్రి.
చింతపండుతో ఇత్తడి తోమింది వంటామె సువార్త,
"మా కంచాలకు లేని మురిపెం దీనికేటి" అంటూ.

మర్నాడు ఎక్కించాను.
కాలు ఆనగానే తీగల మీది మెత్తలు లేవకూడదు,
అగ్గిపుల్ల మందం ఖాళీ నడక ఉండాలి ముందు.
మరీ బిగిస్తే అవి పూర్తిగా కూర్చోవు,
అయిపోయిన స్వరం రాబోయేదాంట్లోకి కారుతూనే ఉంటుంది.
నట్టు అర చుట్టు అటు, పావు చుట్టు ఇటు.
కుదిరింది. నాకే ముచ్చటేసింది.

అప్పుడొచ్చాడు ఇసాకు శబర్,
గుమ్మ కొండల నుంచి పొద్దుటి బస్సులో,
ముప్పయ్యేళ్ళుగా ఆదివారం వాయించే మేష్టారు.
నడకలో ఒక దిగుడు.
కూర్చున్నాడు. ఎడమ కాలు నేల మీద.
కుడి కాలు గాల్లో ఆగిపోయింది,
తళతళలాడే పెడలుకు నాలుగు వేళ్ళ పైన.

ఏమీ అనలేదు. వంగి అటూ ఇటూ చూశాడంతే,
ఎక్కడో విడిచిన చెప్పు కోసం చూసినట్టు.

చెత్తబుట్ట పొద్దున్నే ఖాళీ చేశారు.
నా చెవులు వేడెక్కాయి.
ఇంటికి పరిగెత్తాను.
నాన్న దాచిన ముదురు కొమ్ము,
పెద్ద నెమలి చేద్దామని ఇన్నేళ్ళు ముట్టనిది.
కోసి, నిప్పుల మీద వేడిచేసి అణచి,
పొర మీద పొర అతికి ఆకురాయి పట్టాను.
కొంచెం తగ్గించమన్నాడు. తగ్గించాను.
ఇంకొంచెం.

కాలు ఆనించి
ఒక్క మెట్టే నొక్కాడు.
హాలంతా నిండి, చాలాసేపు నిలిచి,
కాలు ఎత్తగానే ఆగింది.

"ఎంతివ్వాలి?" అంది సిస్టర్.
తోలుకూ మరలకూ లెక్క చెప్పాను.

సుద్ద గీతలు తుడవలేదు.
మళ్ళీ ఎప్పుడో విప్పేవాడికి
మూడో గీత పక్కన రాశాను,
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి:
కొమ్ము తీయకు.
అది ఆయన కాలు.