బొమ్మ ఆగలేదు

మర్రిగూడల మూడొందల పద్నాలుగు కనెక్షన్లు నావి.
అంటే నెలకు మూడొందల పద్నాలుగు కోపాలు.

రాత్రి తొమ్మిదిన్నరకు ఆ సీరియల్ మొదలైన వారం
ఫోను కింద పెట్టనియ్యలే ఎవ్వరు.
"సైదులూ, బొమ్మ ఆగింది."
"ఆగలే చిన్నమ్మా, ఆమె కిటికీల నుంచి చూస్తుంది."
"ఎంతసేపు చూస్తదిరా?"
"రేపు గూడ చూస్తదేమో."

కథ చెప్పమంటే ఏం చెప్పాలె.
ఒక ఓడ, ఆకాశంల పొయ్యేది. అండ్ల ఒక్కతే ఆడమనిషి.
చుట్టూ చీకటి, చీకట్ల సన్నగ మిషిను సప్పుడు.
బయలెల్లే నాడు చెల్లెను అడుగుడు మరిచింది,
నీ కదిలే పన్ను ఊడిందా అని.
ఓడలకెళ్లి అడిగింది.
ఆ మాట భూమికి చేరనీకె నాలుగేండ్లు,
జవాబు మర్లి రానీకె ఇంకా ఎక్కువ, ఓడ ఆగదు గద.
గంతే.
అత్త లేదు, ఆస్తి లేదు, తలుపు సాటుకు నిలబడి వినేటోళ్లు లేరు.

కల్లు దుకాణంల జానయ్య అన్నడు:
"నిద్ర పోనీకె నెలకు మూడొందలు కట్టాల్నా?"
అంటడు గని ఎనిమిదో భాగం నాడు
సీసా చేతుల్నే ఉంది, నోటి దాక పోలే.

బత్తాయి తోట కౌలుకు పట్టిన నర్సిరెడ్డికి
అది నెమ్మది కథే అనిపియ్యలే.
"బోరుబండి ఎనిమిదొందల ఫీట్లు పొయ్యేదాంక
గిట్లనే నిలబడ్డ తమ్మీ,
సప్పుడు మారుతదేమో అని.
ఈమెకు నయం, దుమ్మన్న లేదు."

ఇంటర్ చదివే పారిజాత
మూడు కాయితాలు నింపి తెచ్చి చూపెట్టింది.
"లెక్క తప్పన్నా. అంత దూరం పొయ్యేసరికి
ఆమెకు ఎంటికెలు తెల్లబడాలె."
కాయితాలు మడిచి అడిగింది,
"రేపు కరెంటు పోదు గద?"

టైలర్ ఇమాంబీ మిషిను తొక్కుకుంట ఇంటది.
ఆ ఓడల ఆమె ఏడుపు మింగిన కాడ
ఈమె సూది విరిగింది.
జాకిటి ఆల్చమైంది. ఎందుకైందో గిరాకికి చెప్పలే.

ఇగ పెంటమ్మ.
మా ఊరి బోరు నీళ్లు తాగి తాగి
మెడ రొమ్ముకు అంటుకున్న పెంటమ్మ.
ఇప్పుడు పైపుల మంచినీళ్లు వస్తయి,
వంగిన బొక్కలు మాత్రం మర్లి రాలే.
తల ఎత్తలేదు గాబట్టి టీవీ నేల మీద పెట్టిచ్చింది.
వైరు కిందికి గుంజి మొలలు కొడుతుంటే అడిగింది:
"ఆడ బరువుండదంట గద బిడ్డా?"
"ఉండదు పెద్దమ్మా."
"బొక్కలకు గూడ ఉండదా?"
నేను ఇంకో మొల కొట్టిన.
అక్కడ మొల అవసరం లేదు.

ఆఖరి భాగం నాడు ఆరు నిమిషాలు సప్పుడు లేదు.
నా ఫోను గూడ మోగలే.
టవర్ పోయిందేమో అని చూసిన, ఉంది.
యాంప్లిఫయర్ కాడికి పోయి చూసిన, పచ్చ లైటు ఎలుగుతుంది.
గల్లీ పొడుగూత నడిసిన.
అన్ని కిటికీలల్ల ఒక్క తీరు నీలిరంగు,
కుక్క గూడ మొరగలే.
అప్పుడు వచ్చింది జవాబు, పెద్దగైన గొంతుతోని:
"ఊడింది అక్కా. మల్ల వచ్చింది.
ఇప్పుడు నా బిడ్డది కదులుతుంది."

నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఊరు మాది.
పండ్ల మీద పచ్చటి గార, నీళ్లు గీసిన గీతలు.
ఆ రాత్రి ఎవరన్న నవ్విండ్రా, ఏడ్సిండ్రా,
చెయ్యి యాడ పెట్టుకున్నరో నేను చూడలే.

పదిన్నరకు ఫోను మోగింది. పెంటమ్మ.
ఎన్నడు చెయ్యలే ఆమె.
"బొమ్మ ఆగిందా పెద్దమ్మా?"
"ఆగలే. అయిపోయింది.
పన్ను మల్ల వచ్చిందన్నది గద చెల్లె,
ఏ రంగుది వచ్చిందో అడగదా ఆమె?"

అడుగుతదేమో పెద్దమ్మా అన్న.
జవాబు రానీకె ఏండ్లు పడుతది గద అన్న.

అవతల సప్పుడు లేదు.
లైను కట్టయిందనుకోలే నేను.
ఫోను చెవుకు పెట్టుకోనే నిలబడ్డ.