మూడో సీసా

గెడ్డ అంటే మావైపు చిన్న ఏరు.
అది ఏరుగా ఉన్నన్నాళ్ళూ
దాని గురించి ఎవరూ కాగితం రాయలేదు.

ఉద్యోగంలో చేరిన రోజు నాకిచ్చినవి:
ఒక సైకిలు, తాడు కట్టిన బొక్కెన,
లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర,
గడ్డిలో చుట్టిన రెండు డజన్ల గాజు సీసాలు.
డెబ్బై నాలుగులో ఢిల్లీలో పుట్టిన నీళ్ళ చట్టం
మా మల్కాపురం దాకా నడిచొచ్చేసరికి
కాళ్ళు పీకినట్టున్నాయి,
నా సైకిలెక్కి కూచుంది.

అంతకు ముందు చట్టం లేదని కాదు.
బట్టలుతికే బంగారమ్మకుండేది.
రేవు వైపు నుంచి గాలి తోలుతుంటే
తెల్లబట్ట ఆరెయ్యకూడదు.
ఇనుపరాయి ఓడకెక్కే వారం
పెళ్ళివారి పంచెలు ఒప్పుకోకూడదు.
ఆమెకు ప్రయోగశాల లేదు, ఒక తెల్ల దుప్పటి ఉండేది.
సాయంత్రానికి దానిమీద ఎర్రగా
ఆ రోజు లెక్క పడేది.

"ఊరికి కొండంత ముక్కుంది కదా,
డాల్ఫిన్ ముక్కని దొరలు పేరు కూడా పెట్టారు కదా,
ఇంత కంపు దానికెలా తెలీదయ్యా?"
అని అడిగిందోసారి.
గాలికింకా చట్టం రాలేదమ్మా, అన్నాను.
నీళ్ళకొచ్చింది.
ముందు నీళ్ళు పట్టుకోనీ.

ఆ ఉదయం ఫ్యాక్టరీ తూము కింద
మోకాలి లోతున నిలబడ్డాను.
నీళ్ళు మరిగిన డికాషన్ రంగు,
మీద నెమలికంఠం రంగు నూనె.
పద్ధతి ప్రకారం కంపెనీ మనిషి ఎదుటే నమూనా తియ్యాలి,
రెండు భాగాలు చెయ్యాలి,
రెండిటికీ లక్క, రెండిటిమీదా సంతకాలు.
షిఫ్టు కెమిస్టు దేవగుప్తపు కామేశం
కుడిచేత్తో సంతకం పెడుతూ
ఎడంచేత్తో రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.
అది రాయడానికి ఫారంలో గడి లేదు.

గట్టుమీద గరికిన ఎల్లాజీ వల దులుపుతున్నాడు.
నాలుగు కొయ్యింగలు,
వలలో పడకముందే చచ్చినవి.
"ఒకటి కంపినీకి, ఒకటి గవర్నమెంటుకి.
మరి మాదేటి బాబూ?"
చట్టంలో రెండేనయ్యా, అన్నాను.
"సేప మాది, దురద మాది,
సీసా మట్టుకు మీదా?"

గుడిసెలోకి వెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చాడు.
నేను చేసినట్టే
అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి,
అంచుదాకా నింపి, బిరడా బిగించి
నా ముందు పట్టాడు.
"కూసింత లక్క ఎయ్యండి."

కామేశం ఆకాశంలోకి చూస్తున్నాడు.
అక్కడ గద్ద కూడా లేదు.
లక్క వేశాను.
ముద్ర వెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు,
కొత్త ఉద్యోగం, చంటిపిల్ల.
ఎల్లాజీ నావైపొకసారి చూసి
వేడి లక్కలో తన బొటనవేలు అద్దాడు.
అమ్మా అనలేదు.

మా సీసా మా ల్యాబుకెళ్ళింది,
వాళ్ళది వాళ్ళ ల్యాబుకి.
ఒకే నీళ్ళు రెండు సాక్ష్యాలు చెప్పాయి.
వాయిదాలు, బదిలీలు,
చెదలు తిన్న ఒక ఫైలు, తినని ఒక జవాబు.
ఎనభై ఒకటిలో గాలికీ చట్టం వచ్చింది;
బంగారమ్మ అప్పటికే తెల్లబట్టలు మానేసి
ఖాకీలు ఉతుకుతోంది.
పదకొండేళ్ళకి తూము పక్కన
నీళ్ళు శుద్ధిచేసే తొట్టెలు కట్టారు.
పగలు తిరిగేవి.

రిటైరైన ఏడు వెతుక్కుంటూ వెళ్ళాను.
ఎల్లాజీ లేడు.
కోడలు నూకరత్నం పైడితల్లి పటం వెనకనుంచి
సీసా తీసి నా చేతిలో పెట్టింది.
"ఎవులైనా వచ్చి అడుగుతారని దాసీసినాడు."

పైన నీళ్ళు తేరి
తాగొచ్చుననిపించేలా ఉన్నాయి.
అడుగున బొటనవేలి మందం నలుపు.
మూతిమీద లక్కలో
ఆ వేలి గీతలు ఒక్కటీ చెదరలేదు.

కుదిపితే ఆ ఉదయం మళ్ళీ లేస్తుందని
రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాను.
ఆమె నా చేతుల్లోంచి తీసుకుని
గట్టిగా కుదిపింది.