ముఖాల్లేని ఆల్బమ్

మా బ్యానర్ మీద ఒత్తక్షరం ఎగిరిపోయింది.
"సేవా సంఘం" అని రాసిస్తే "సేవా సంగం" అని అచ్చేశాడు
ఫహాహీల్ సందులో బెంగాలీ కుర్రాడు.
మళ్ళీ వేయిస్తే నాలుగు దినార్లు.
నాలుగు దినార్లంటే ఒక బియ్యం సంచీ,
పైన నూనె డబ్బా.
"సంగమే ఉండనీ తియ్, నదులు గలిసినట్టుంటది"
అన్నాడు కోరుట్ల బక్కన్న.
ఆనాటి నుంచీ అదే మా పేరు.

శుక్రవారం పొద్దున
ఊరంతా ముసుగు తన్ని పడుకునుంటే
చెన్నకేశవులు నీళ్ళ ట్యాంకరు తోలే చేతులతో
ఉల్లిపాయలు తూస్తుంటాడు.
దస్తగిరి పద్దు రాస్తాడు,
పావు దినారైనా సరే, పేరుతో సహా.
పేరు చెప్పనివాళ్ళ దగ్గర "ఒకాయన" అని రాస్తాడు.
మా పుస్తకంలో
అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆ ఒకాయనే.

నాది ఫోటోల డ్యూటీ.
వారమంతా మిద్దెల మీద ఏసీలు విప్పేవాణ్ణి,
ఫోన్ కొత్తదని నాకు అంటగట్టారు.
ఇచ్చేవాళ్ళు ఇటు, పుచ్చుకునేవాళ్ళు అటు,
నడుమ సంచీ.
"నవ్వండి" అనేవాణ్ణి.
ఇచ్చేవాళ్ళు నవ్వేవాళ్ళు.

జూలైలో ఒక శుక్రవారం,
గాలి నిండా ఎర్ర దుమ్ము.
మంగఫ్‌లో మెట్ల కింద వరసలో
చిట్టచివర నిలబడింది మరిడమ్మ.
రాజోలు అవతల పల్లె.
అకామా అయిపోయి అయిదు నెలలు.
సంచీకి చెయ్యి చాపి, నా చేతిలో ఫోన్ చూసి
చున్నీ మొహం మీదికి లాక్కుంది.

"తియ్యకండి బాబూ.
మా పిల్లకి నేను ఆసుపత్రిలో పని అని చెప్పానండి.
తెల్ల కోటు వేసుకుంటానని కూడా చెప్పేశానండి."

వెళ్ళిపోయింది.
అయిదు కిలోల బియ్యం, కందిపప్పు, చింతపండు
మెట్టు మీద,
ఎవరివీ కాకుండా.

ఆ రాత్రి ఆరు మంచాల గదిలో మీటింగు.
ఫోటో లేకపోతే చందా ఎవడిస్తాడని చెన్నకేశవులు.
నమ్మకం అనే మాట అందరం తలా ఒకసారి వాడాం.
బక్కన్న మాత్రం ఖుబూస్ ముక్క తుంపుతూ
తల ఎత్తకుండా అన్నాడు:
"మీ సంగంల చేరకముందు నేను గూడ సంచీ దీస్కున్నోణ్ణే.
ఫోటువ ఇంటిదాక వొయింది.
నా పెండ్లాం మూడు దినాలు ఫోనెత్తలే."

ఎవరం ఏమీ అనలేదు.
దస్తగిరి పద్దుపుస్తకం మూశాడు. ఏసీ ఆగి మళ్ళీ మొదలైంది.

తెల్లవారుజాము దాకా ఫోటోలు చెరుపుతూ కూచున్నాను.
రెండేళ్ళవి.
ఇచ్చేవాళ్ళందరూ కెమెరా వైపు,
పుచ్చుకునేవాళ్ళందరూ
తమ చెప్పుల వైపు.
నేనే తీశాను. ఒక్కసారీ చూడలేదు.

ఇప్పుడు మా ఆల్బమ్‌లో ఏముంటాయంటే,
సంచీల వరస,
తూకం రాయి,
రక్తం ఇచ్చిన రోజు పదిహేడు మోచేతుల మీద దూది,
ఉల్లిపాయలు తరిగే ఒక ఆడమనిషి వేళ్ళు.
ఆ వేళ్ళు మరిడమ్మవి.
సంచీ ఊరికే వద్దంది; పని చేసి పట్టుకెళతానంది.

అక్టోబరులో ఔట్‌పాస్ వచ్చింది.
టిక్కెట్టుకి అందరం తలా కొంత వేశాం.
బయల్దేరే ముందు రోజు
పక్క గది మలయాళీ నర్సు కోటు అడిగి తెచ్చుకుని,
భుజాల దగ్గర వదులైతే వెనక పిన్నీసు గుచ్చి,
తెల్లగోడకి ఆనుకుని నిలబడి
"ఇప్పుడు తియ్యండి బాబూ" అంది.
నవ్వమని నేను అనలేదు.

అబద్ధానికి సాయం చేశామా, అని
చెన్నకేశవులు ఇప్పటికీ అడుగుతుంటాడు.
నాకూ తెలియదు.
ఫోటో ఆమె ఫోన్‌కి పంపి
నా దాంట్లోంచి తీసేశాను.

ఆ నెల పద్దులో చివరి వరస:
తెల్ల కోటు ఉతుకు, ఇస్త్రీ, మూడు వందల ఫిల్సులు.
ఇచ్చినవారు:
ఒకాయన.