హలో టైమర్

వుల్వర్‌హాంప్టన్‌లో, కార్పెట్ల షాపు పైన పరీక్ష గది.
వాచీ లాకర్లో పెట్టించారు.
కళ్ళజోడు కూడా తిప్పి తిప్పి చూసిందామె.

పదకొండో ప్రశ్న.
రెండు రౌటర్లు, మధ్యన ఒకే తీగ.
కేబుల్ బాగుంది. అడ్రసులు బాగున్నాయి.
మాస్కు రెండుసార్లు లెక్కేశాను
తుడిచే పలక మీద, మార్కర్ కీచుమంటుంటే.
పోర్టు మూసి ఉందేమోనని చూశా, లేదు.
అయినా నైబర్ టేబుల్
కడిగి బోర్లించిన కంచం.

వెనక్కెళ్ళే బటన్ లేదు. పద్నాలుగు నిమిషాలు.

అప్పుడు కనబడింది:
ఇటువైపుది పది సెకన్లకోసారి హలో అంటోంది,
అటువైపుది ముప్ఫైకోసారి.
ఇద్దరూ పలకరిస్తూనే ఉన్నారు పాపం.

మా మెట్లకి అవతల గదిలో మిసెస్ పార్జెటర్.
గోదాములో రాత్రి డ్యూటీ దిగి నేను తలుపు మూసుకున్నాక
ఆవిడ తలుపు చప్పుడవుతుంది. మూడేళ్ళు.
మొన్న డిసెంబర్లో గుమ్మంలో కార్డు పెట్టింది,
'సుభాషిణి' బదులు 'సుశాని' అని రాసి.
దిద్దలేదు. జవాబూ ఇవ్వలేదు.

ఒక్క లైను మార్చి
పింగ్ కొట్టాను.
ముందు ఒక చుక్క.
ఆ వెనకే నాలుగు ఆశ్చర్యార్థకాలు.

మొదటిది ఎప్పుడూ దారిలోనే పోతుంది,
ఇల్లెవరిదని వాకబు చేసేలోపు.
తప్పేం కాదు.
దానికి మార్కులు కోయరు.