తవుడు తూకం

పుట్టిన పురుట్లోనే దాన్ని బేరం పెట్టారు.
ముందు ఇద్దరు దక్కలేదని
చేటలో పడుకోబెట్టి పొరుగామె చేతిలో పెట్టి
కుంచెడు తవుడు కొలిచి తిరిగి కొనుక్కున్నారు.
అందుకే తవిటమ్మ.
చావు కంట పడకుండా ఒక చవక పేరు.
మా మేనత్త కూతురు.

పర్లాకిమిడి బైపాసు పక్క
రైసుమిల్లులో కాటా గుమస్తాని నేను.
బోర్డు ఒడియా, బిల్లు ఇంగ్లీషు,
బూతులు మాత్రం తెలుగు.
పాతపట్నం ధాన్యం
గీత దాటిందని బరువు మారదు.
ముప్పై ఏళ్ళలో నేర్చుకున్నది ఒక్కటే:
సంచి బరువు తీసేసి చెప్పాలి.
తడి ఉంటే తరుగు తీయాలి.
తీయనివాడు దొంగ.

టీవీ వాళ్ళు తీయలేదు.

"నూట ముప్పై ఆరు!" అని అరిచాడు యాంకరు
దాన్ని బిగుతు బనీనులో
ఎత్తైన కాటా మీద నిలబెట్టి.
వెనక డప్పులు. చుట్టూ మూడు కెమెరాలు.
పదకొండేళ్ళ ఆస్పత్రి ఆయా డ్యూటీ,
అన్నీ రాత్రులే.
మొగుడు పోయిన వర్షాకాలం.
ఎవరూ లేని వంటింట్లో
చద్దికుండ ఒక్కటే పలకరించిన తెల్లవారుజాములు.
ఒక్క గ్రాము తీయలేదు.

మిల్లులో మేం పందెం కాసుకున్నాం,
ఈ వారం ఎన్ని కిలోలు తరుగుతాదో.
హమాలీ జగ్గు సబర ఐదన్నాడు. నేను ఏడు.
పకోడీ పొట్లం విప్పుకుని చూశాం
దాని ముందు పళ్ళెం నిండా గులాబ్ జాములు పెట్టి
గంటసేపు ముట్టకుండా ఉండమన్న ఆట.
నలభై రెండో నిమిషంలో చెయ్యి కదిలింది.
కెమెరా దాని నోట్లోకి దూరిపోయింది.
గడ్డం మీద పాకం కారడం
మూడుసార్లు వేశారు, నెమ్మదిగా.
అందరూ నవ్వారు. నేనూ.
వేళ్ళ నూనె లుంగీకి తుడుచుకుని
ఇంకో పకోడీ తీసుకున్నాను.

ఆ వారం ఎనభై రూపాయలు గెలిచాను.

"తూకం ముందురోజు నీళ్ళు ముట్టనీలేదు బావా," అంది తర్వాతెప్పుడో.
"ఏడిస్తే బరువు తగ్గుతాదని కాదు,
ఏడిస్తే బాగుంటాదని ఏడిపించినారు."
సంతకం పెట్టించుకున్న కాయితాలు నలభై పేజీలట.
ఏడుపు కూడా వాళ్ళ సొత్తేనని
అందులో ఎక్కడో రాసుందట.

నలభై ఒక్క కిలోలు అక్కడ వదిలి వచ్చింది.
బస్టాండు దగ్గర దండ వేశారు.
ఏడాది తిరక్కుండా అవన్నీ
ఇల్లు వెతుక్కుంటూ వచ్చేశాయి,
ఇంకో పదకొండుని వెంటేసుకుని.
నోరు కట్టుకోలేనిది, అంది బజారు.

మా తమ్ముడు సారా తాగి కాలవలో పడితే
ఇదే బజారు భుజాన మోసుకొచ్చి
రోగం, పాపం అంది.
సారా మానేవాడు సందు మార్చుకోవచ్చు.
అన్నంతో తగువు పడ్డది ఏ సందున నడవాలి?
రోజుకి మూడుపూటలా
దాన్నే ఇంటికి పిలిచి, పీట వేసి,
నాలుగు ముద్దలు కాగానే
లేచి వెళ్ళిపొమ్మనాలి.

నిన్న సాయంత్రం ఆవుకి తవుడు కావాలని వచ్చింది.
కరెంటు తీసిన మిషను ఇంకా వెచ్చగా ఉంది.
కాటా వైపు చూసింది.
"ఓపాలి ఎక్కనా? ఎవుళికీ సెప్పకు."
గోడవైపు తిరిగి నిలబడింది.
ఎర్ర అంకెలు పైకి పోయి, ఊగి, ఆగాయి.
చూడలేదని అబద్ధం చెప్పను.
ఈ కళ్ళు వాటంతటవే చదువుతాయి.
"ఎంతేటి?"
"సంచితోనా, సంచి తీసేసా?"
నవ్విందో ఏమో,
తవుడు దుమ్ములో తెలియలేదు.
పందెం సంగతి చెబుదామనుకున్నాను.
చెప్పలేదు.
కుంచెడు కొసరు వేశాను.

జగ్గు ముఢీ కలుపుకొచ్చాడు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి.
ముగ్గురం బస్తాల మీద కూర్చున్నాం.
పక్కన అది తింటోంది.
నేను రోడ్డు మీద లారీలు లెక్కపెడుతున్నాను.
పదిహేడు.
మెడ పట్టేసింది.