డొల్ల చప్పుడు

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు.
ఎవరో కట్టిన ఇంటిని
కొనే ముందు ఎలా చూడాలో
ఏ సామెతా చెప్పలేదు.

మొదట వాస్తు పంతులు గారు వచ్చారు,
అరచేతిలో దిక్సూచి పెట్టుకుని.
ఈశాన్యం దివ్యంగా ఉందన్నారు, పొయ్యి జరపమన్నారు.
ఒక్కసారైనా తలెత్తి
కప్పు కేసి చూడలేదు.

తర్వాత లోకనాథం.
ముప్పై ఒక్కేళ్ళు షిప్‌యార్డులో
ఓడల పొట్టలు తట్టి తట్టి, అతుకులు విన్న మనిషి.
రిటైరయ్యాక ఇళ్ళు వింటున్నాడు.
సంచిలో ఒక టార్చి, ఒక గోలీకాయ, సుద్దముక్క,
పిడి అరిగిన చిన్న సుత్తి.
"ఇంటికి కూడా డాక్టరా? ఆరు వేలు దండగ" అన్న మా ఆయన
చెప్పులైనా విప్పకుండా
గుమ్మంలోనే నిలబడ్డాడు.

లాసన్స్ బే కాలనీ, మూడో అంతస్తు.
బాల్కనీ తలుపు తీస్తే సముద్రం.
నిజానికి నేను కొన్నది ఆ బాల్కనీనే,
మూడు వారాల క్రితమే, మనసులో.
కుర్చీ వేసేశాను. కరివేపాకు కుండీ పెట్టేశాను.
కొండ మీద లైట్‌హౌస్ దీపం తిరిగే వేళకి
రోజూ టీ కూడా తాగేస్తున్నాను.

ఆయన మాత్రం బాల్కనీకి ఆఖర్న వచ్చాడు.
ముందు బాత్రూంలో గోలీకాయ వదిలాడు.
అది తూము వైపు పోకుండా
గడప వైపు దొర్లింది.
"తానం సేత్తే నీళ్ళు మంచం కిందకొత్తాయి."

బీరువా వెనక చెయ్యి దూర్చి
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
కొత్త రంగు. దాని కింద పాత తడి.
"గోడ అబద్ధమాడదమ్మా. రంగే ఆడతాది."

సుత్తితో తట్టాడు.
టక్. టక్. టక్.
డబ్.
మళ్ళీ అక్కడే, డబ్.
తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని విని
సుద్దతో గుండ్రంగా గీశాడు.
గంట గడిచేసరికి ఇంటినిండా సున్నాలు.
ఇల్లమ్మే హైమావతి గారు టీ పళ్ళెం పట్టుకుని
ఒక్కో సున్నా కేసీ చూస్తున్నారు,
ఎదురుగానే తన జవాబుల కాగితం దిద్దుతున్నట్టు.

బాల్కనీ. నా బాల్కనీ.
సజ్జా అడుగున అలా తట్టగానే
పెచ్చు ఊడి ఆయన చేతిలో పడింది.
లోపల ఇనుప చువ్వ పూత పూసింది,
ఎర్రగా, పొరలు పొరలుగా.
"ఉప్పుగాలి. ఓడనైనా తినీసిద్ది.
ఓడకైతే గీకి రంగేస్తారు,
ఇంటికెవులేత్తారు?"

అప్పుడు నోరు విప్పారు హైమావతి గారు.
"హుద్‌హుద్ రోజు ఈ తలుపు ఊడిపోయింది.
భోజనాల బల్ల అడ్డం పెట్టి
మా ఆడపడుచూ నేనూ చీకటి పడేదాకా
వీపులానించి కూర్చున్నాం, అదిగో, ఆ మూల.
ఆ గోడ మాత్రం కదల్లేదు."

లోకనాథం ఏమీ అనలేదు.
ఆ మూలకెళ్ళి తట్టాడు. టక్.
చెవి ఆనించి ఇంకోసారి. టక్.
"నిజఁవే" అన్నాడు.
సుద్దతో అక్కడేమీ గీయలేదు.
అరచేత్తో ఒకసారి నిమిరాడు, అంతే.
టీ చల్లారిపోయినా తాగాడు.

రిపోర్టు పదకొండు పేజీలు.
తడి శాతాలు, ఫోటోలు,
బాల్కనీ చుట్టూ ఎర్ర గీత: బరువు పెట్టరాదు.
గట్టి గోడ గురించి ఒక్క ముక్కా లేదు.
బాగున్నవి రాయరట.
మా ఆయనకిప్పుడు ఆ కాగితాలంటే ప్రాణం.
నాలుగు లక్షలు దిగుతారంటున్నాడు.
ఆరు వేల మాట ఎత్తడు.

కంచరపాలెంలో, మా అద్దింట్లో,
అందరూ పడుకున్నాక
గరిటె కాడతో గోడలు తడుతున్నాను.
పదేళ్ళుగా వీటికి మేకులు కొట్టాను గాని
ఒక్కనాడూ వినలేదు.
టక్. టక్.
దేవుడి పటం పక్కన
డబ్.

"ఏంటా చప్పుడు?" పక్క గదిలోంచి మా ఆయన.
"ఏం లేదు, పడుకో" అన్నాను,
పిల్లాడి బడిసంచిలో
సుద్దముక్క వెతుకుతూ.